కార్తీకం లోపు ఒక కోహో: కౌలిట్జ్ ఏటి డైరీ

ఆగస్టు 30, శనివారం

వినాయక చవితి పత్రి ఇంకా బాల్కనీలోనే ఉంది, నేను గరాజ్‌లో కూర్చుని గాలాలు లెక్కపెట్టుకుంటున్నా. ఈ ఏడు ప్రాజెక్టు ఏంటో ముందే రాసి పెడుతున్నా, తర్వాత మాట మార్చడానికి లేకుండా. నా చేత్తో కట్టిన జిగ్‌తో, అంటే ఈకల గాలంతో, వాషింగ్టన్ రాష్ట్రంలోని కౌలిట్జ్ నది గట్టు మీద నిలబడి, బోటు లేకుండా గైడు లేకుండా, ఒక్కటంటే ఒక్క హేచరీ (చేప పిల్లల్ని పెంచి ఏట్లో వదిలే చోటు) కోహో సాల్మన్ పట్టాలి, ఇంటికి తెచ్చి పులుసు పెట్టాలి. గడువు దీపావళి. ఆ తర్వాత కార్తీకం, నెల్లాళ్ళు మా ఇంట్లో నీసు పొయ్యెక్కదు. దీపావళి అక్టోబర్ 20, అంటే చేతిలో ఉన్నవి ఏడు శనివారాలు. తమాషా ఏంటంటే శనివారం మేం తినం, పట్టడానికి మాత్రం నాకు దొరికేది శనివారమే.

పోయినేడు ఏం జరిగిందో కూడా రాయాలి కదా. నాలుగు ట్రిప్పులు, పద్నాలుగు జిగ్గులు రాళ్ళ కింద సమర్పయామి, ఒక్కోటి మూడు నాలుగు డాలర్లు, చేప సున్నా. పక్కనే మా తోడల్లుడు, ఒలింపియాలో ఉంటాడు, వయసులో పెద్ద కాబట్టి అన్నయ్యా అంటాను, ఆయన మటుకు చక్కగా రెండేసి పట్టి ఐస్‌బాక్సులో పడేసి నాకు కాఫీ పోసి ఇచ్చేవాడు. ఆ కాఫీ ఇంకా చేదుగానే ఉంది.

కౌలిట్జే ఎందుకంటే, మేముండే బెల్వ్యూ నుంచి ఐ-5 హైవే మీద దక్షిణానికి రెండు గంటలు, 68వ ఎగ్జిట్‌లో దిగి హైవే 12 పట్టుకుంటే సాల్కమ్, అక్కడే హేచరీ, దాని పక్కనే బ్యారియర్ డ్యామ్. పైన ఇంకో రెండు పెద్ద డ్యాములు, మేఫీల్డ్ 1963ది, మాసీరాక్ 1968ది. నీళ్ళు డ్యాము నుంచి వదిలేవి కాబట్టి పెద్ద వాన పడి మిగతా నదులన్నీ టీ రంగులోకి తిరిగినా ఇది చాలావరకు నిలబడుద్ది. కరెంటు కంపెనీ టకోమా పవర్ వాళ్ళు ఈ వారం ఎన్ని చేపలు హేచరీకి ఎక్కాయో, ఎన్ని క్యూసెక్కులు వదిలారో లెక్క పెడతారు. మాది రావులపాలెం పక్కన పల్లె, క్యూసెక్కుల లెక్క ఉగ్గుపాలతో వచ్చింది. ఇక్కడ ఆరేడు వేలుంటే నది బాగా ఉందంటారు. మా ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరికే పది లక్షలకి ఎగరేస్తారు, అది వేరే సంగతి.

సెప్టెంబర్ 7, ఆదివారం

జిగ్గుల ఫ్యాక్టరీ మొదలైంది. తెలీనివాళ్ళ కోసం, జిగ్ అంటే గాలం మెడ దగ్గర సీసం గుండు పోసి ఉంటుంది, దాని వెనక ఈకలో కుందేలు తోలో కడతారు. నీళ్ళలో వేసి రాడ్ కొసతో టపీటపీమని ఎగరేస్తూ వదులుతూ ఉంటే అది పైకి లేచి కింద పడుతూ ఏదో ప్రాణి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. కోహోకి ఇదంటే పిచ్చి కోపం అట. కోపం అనే ఎందుకన్నానో తర్వాత రాస్తా.

గుండ్లు పోసినవే కొన్నా, ఔన్సులో మూడెనిమిదో వంతు, అంటే పది గ్రాముల పైచిలుకు, గాలం సైజు 2/0. సీసం కరిగించి పోసుకుందాం అనుకున్నా గానీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, ఆ మాట ఎత్తగానే మా ఆవిడ చూసిన చూపుకి ఆలోచనే కరిగిపోయింది. రంగు మాత్రం నేనే వేస్తున్నా. పౌడర్ పెయింట్ అని దొరుకుద్ది, గుండుని హీట్ గన్‌తో వేడిచేసి పొడిలో ముంచితే కరిగి అంటుకుంటుంది, ఆ తర్వాత ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఓ ఇరవై నిమిషాలు కాలిస్తే గట్టిపడుద్ది. వంటింటి ఓవెన్ వైపు కూడా వెళ్ళనివ్వలేదు. "ఏవండీ, అందులో రేపు పిల్లలకి కేకు చెయ్యాలి, సీసం కేకు కాదు." న్యాయమే. పాత సామాన్ల షాపులో పన్నెండు డాలర్లకి టోస్టర్ ఓవెన్ తెచ్చి గరాజ్‌లో పెట్టి తలుపు పూర్తిగా పైకెత్తి మొదలెట్టా.

మొదటి వాయి నాశనం. పొడి ఎక్కువ పట్టించా, కాలేటప్పుడు కిందకి కారి ఒక్కో గుండుకీ చిన్న ముక్కు మొలిచింది, పైగా లైన్ కట్టే చెవి మొత్తం పూడుకుపోయింది. పన్నెండింటికీ సూది ఎర్రగా కాల్చి చెవి పొడుచుకుంటూ కూర్చున్నా, చెవులు కుట్టే అవుసలాయనలాగా. రెండో వాయికి తెలివొచ్చింది, ముంచడం కాదు, బ్రష్‌తో పొడి చిలకరించాలి, అదీ పల్చగా.

ఈకల దగ్గర మాత్రం నాకు ఇంటి విద్య పనికొచ్చింది. టర్కీ కోడి మెత్తటి ఈక మారబూ అంటారు, అది తోకకి. మెడ చుట్టూ చుట్టడానికి కోడిపుంజు మెడ ఈకలు. ఇక్కడి షాపుల్లో ఇండియన్ నెక్ అనే అమ్ముతారు, మన కోళ్ళవే. ప్యాకెట్ విప్పగానే పెదనాన్న వాళ్ళ దొడ్లో పుంజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అందుకే నా డిజైన్లకి ఆ పేర్లే పెట్టుకున్నా. నలుపు మీద నీలం కలిపింది కాకి. ఎరుపు నారింజ రంగుది డేగ. తెలుపు మీద కాస్త గులాబీ వేసింది సేతువ. అన్నయ్యకి ఫొటో పంపితే "ఏటి గట్టుకి వస్తున్నావా, సంక్రాంతి బరిలోకి వస్తున్నావా" అన్నాడు.

మొత్తం ఇరవై నాలుగు కట్టా. నిండుగా, దట్టంగా, చూడ్డానికి ఒక్కోటి పువ్వులా ఉంది. ఈ పువ్వు అనే మాట గుర్తుపెట్టుకోండి.

సెప్టెంబర్ 20, శనివారం

పోయిన వారం కుదర్లేదు, పిల్లాడి సాకర్. ఈ రోజు తెల్లవారుజామున మూడున్నరకి లేచి వెళ్ళా. బ్యారియర్ డ్యామ్ కింద గట్టు మీద జనం భుజం భుజం రాసుకుని నిలబడ్డారు, పుష్కరాల రేవులాగ. బోర్డు దాటి డ్యాము వైపు వెయ్యకూడదు, ఇవతల ఎవడి జాగా వాడిది, అందరూ ఒకే తాళంలో వేసి ఒకే తాళంలో లాగుతుంటే మధ్యలో నాలాంటివాడొచ్చి అడ్డంగా వేస్తే నలుగురి లైన్లూ చిక్కుపడతాయి. పడ్డాయి. సారీలు చెప్పుకుని కిందికి అరమైలు నడిచి నీళ్ళు నెమ్మదిగా తిరిగే ఒక మడుగు చూసుకున్నా. నిజానికి కోహో ఉండేది అలాంటి చోటే, ఉరవడిలో కాదు, పక్కన మందంగా ఉన్న నీళ్ళలో, పడిపోయిన చెట్ల నీడన.

చేపలు ఉన్నాయి. కళ్ళ ముందే నీళ్ళ మీదకొచ్చి వీపు చూపించి దొర్లి మళ్ళీ మునుగుతున్నాయి. కానీ దొర్లే చేప తినే చేప కాదు. సాల్మన్ సముద్రం వదిలి నదిలోకి అడుగుపెట్టాక తిండి దాదాపు మానేస్తుంది, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూనే పైకి ఈదుద్ది, గుడ్లు పెట్టి చచ్చిపోద్ది. అంటే మన ఎర దానికి భోజనం కాదు. చిరాకు పుట్టి కొరకాలి, లేదా పాత అలవాటుకొద్దీ నోరు తెరవాలి. కోపం అన్నది అందుకే.

నాలుగు గంటలు ఎగరేశా. కాకి, డేగ, సేతువ మూడూ తిరగేశా. ఏమీ లేదు. ఐదు జిగ్గులు చెట్ల వేర్లకి పోయాయి. మీదికి కొంచెం దూరంలో ఒక పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాడు, పాత ఉన్ని టోపీ, నా ఎదురుగానే రెండు పట్టాడు. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి నా జిగ్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, బాగా కట్టావు, ఇది నీళ్ళలో దిగట్లేదు అన్నాడు. అంతే. ఇంకో మాట కూడా అన్నాడు, నువ్వు ఎత్తేదే చూస్తున్నావు, పడేది చూడట్లేదు అని. కారెక్కాక గానీ నాకు ఆ మాట తలకెక్కలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఆఫీసు అయ్యాక మా కమ్యూనిటీ స్విమ్మింగ్ పూల్ దగ్గర టెస్టింగ్ పెట్టా. సీజన్ అయిపోయి ఎవరూ రారు, ఐదడుగుల లోతు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గాలం కొన విరగ్గొట్టేసి లైన్‌కి కట్టి పైనుంచి వదిలి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశా. నా పువ్వు అడుగుకి చేరడానికి మూడు సెకన్ల మీద పట్టింది. కారణం కళ్ళారా కనపడింది, మెడ చుట్టూ నేను దట్టంగా చుట్టిన పుంజు ఈకలు గొడుగులా విచ్చుకుని బరువుని ఆపేస్తున్నాయి. అక్కడే పూల్ పక్కన కూర్చుని చిన్న కత్తెరతో సగం ఈకలు తీసేశా. రెండు సెకన్లు. ఇంకో సగం తీసేశా, మెడకి మూడు చుట్లే మిగిలాయి, చూడ్డానికి ఈకలు పీకేసిన కోడిలా దరిద్రంగా ఉంది, రెండు సెకన్ల లోపే అడుగుకి పోయింది, పైగా తోకలోని మారబూ ఇప్పుడు బతికున్నట్టు ఊగుతోంది. దట్టంగా ఉన్నప్పుడు ఆ ఊపే లేదు.

సెక్యూరిటీ అతను వచ్చి ఏం చేస్తున్నారు అని అడిగాడు. చేపల కోసం అన్నా. పూల్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

రాత్రి కూర్చుని మిగిలిన పందొమ్మిదింటికీ గుండు గీశా.

అక్టోబర్ 4, శనివారం

చేపలకి వెళ్ళలేదు, ఇస్సక్వాలో సాల్మన్ డేస్ అనే పండగ, పిల్లల్ని తీసుకెళ్ళమని ఇంట్లో ఆర్డర్. ఒక శనివారం పోయిందనుకున్నా గానీ నాకే ఎక్కువ ఉపయోగపడింది. హేచరీ అద్దాల వెనక చేపలు మన ముక్కుకి జానెడు దూరంలో ఉంటాయి, ఏది ఏదో తీరిగ్గా చూడొచ్చు. నదిలో కోహోతో పాటు షినూక్ అనే ఇంకో రకం సాల్మన్ కూడా ఉంటుంది, రూల్స్ వేరు, పొరపాటు పడితే ఫైను. గుర్తులు రెండు. కోహోకి మచ్చలు తోక పైభాగంలోనే ఉంటాయి, షినూక్‌కి పైనా కిందా రెండు వైపులా. నోరు తెరిచి చూస్తే కోహోకి పళ్ళు మొలిచిన చోట చిగురు తెల్లగా ఉంటుంది, షినూక్‌కి నోరంతా నలుపే, కాటుక పూసినట్టు. మా చిన్నది అన్నిటికీ "నాన్నా, ఇది పళ్ళు తోముకుంది, ఇది తోముకోలేదు" అని చెప్పుకుంటూ పోయింది. నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

అక్కడ నిలబడి ఒక సంగతి తలుచుకుని కొంచెం కష్టంగా అనిపించింది. సియాటెల్ చుట్టుపక్కల ఊళ్ళలోని వాగుల్లోకి వచ్చిన కోహోలు మొదటి పెద్ద వాన పడగానే గుడ్లు పెట్టకుండానే గిలగిలా కొట్టుకుని చచ్చిపోయేవి, ఏళ్ళ తరబడి ఎందుకో తెలీలేదు. 2020 డిసెంబర్‌లో తేలింది, కారు టైర్లు పాడవకుండా కలిపే 6పీపీడీ అనే మందు గాల్లోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారి వానతో పాటు రోడ్ల మీంచి వాగుల్లోకి పోతోంది, కోహోకి అది చాలా కొద్దిగా తగిలినా విషమే. పక్కనే ఉండే చమ్ సాల్మన్‌కి ఏమీ కాదు. నేను ఒక్క చేప కోసం రానూపోనూ రెండు వందల మైళ్ళు టైర్లు అరగదీసుకుంటూ వెళ్తున్నా.

అక్టోబర్ 11, శనివారం

తగిలింది.

వివరంగా రాస్తా. ఏడింటికి అదే మడుగు దగ్గరున్నా, పొగమంచు, సూర్యుడు ఇంకా రాలేదు, వెలుతురు మాత్రం వచ్చింది. ఏడడుగుల తొమ్మిదంగుళాల రాడ్, ముప్పై పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), కొసన గాలం కట్టడానికి నాలుగడుగుల మామూలు నైలాన్ లీడర్. గుండు గీసిన కాకి కట్టా. గాలానికుండే ముల్లు ప్లయర్‌తో ముందే నొక్కేశా, ఎందుకంటే వదలాల్సిన చేప అయితే ఊడదీయడం తేలిక. వేశా, దిగనిచ్చా, ఎత్తా, ఇప్పుడు రీల్ వైపు కాదు, బ్రెయిడ్ నీళ్ళని తాకే చోటు వైపు చూస్తూ వదిలా. పెద్దాయన చెప్పింది ఇదే. కొరకడం అనేది జిగ్ కింద పడేటప్పుడే జరుగుద్ది, అప్పుడు లైన్ వదులుగా ఉంటుంది కాబట్టి చేతికి ఏమీ తెలీదు, కంటికే తెలియాలి. పోయినేడంతా నేను లైన్ బిగబట్టి లాక్కుంటూనే కూర్చున్నా, బహుశా పది చేపలు నోట్లో పెట్టుకుని ఉమ్మేసి ఉంటాయి, నాకు తెలీనే లేదు.

ఎనిమిదో వేటో తొమ్మిదోదో. పడుతున్న లైన్ సగంలో ఆగిపోయింది. అడుక్కి చేరే టైము కాదది. అంతే, ఇంకే సూచనా లేదు, ఎవరో తీగ మీద వేలు పెట్టినట్టు ఆగింది. ఎత్తి కొట్టా, రాయి అనుకున్నా, రాయి తల విదిలించింది. ఆ తర్వాత ఓ ఐదు నిమిషాలు ఏం జరిగిందో సగమే గుర్తుంది. కోహో నేరుగా లాగదు, ఒళ్ళంతా మెలితిప్పుకుంటూ తిరుగుద్ది, లైన్ తలకి చుట్టుకునేలా, మధ్యలో రెండుసార్లు గాల్లోకి ఎగిరింది, మోకాళ్ళలో నీళ్ళంటారే, అవి వేడర్స్ (ఏట్లో దిగడానికి వేసుకునే, నీళ్ళు చొరని పొడుగు ప్యాంటు) లోపల ఉన్నాయి. దగ్గరకి వచ్చింది. వెండిలా ఉంది, కడుపు తెలుపు, మచ్చలు తోక పైనే, చిగురు తెలుపు, కోహోనే. అప్పుడు వీపు మీద చూశా, తోకకి కాస్త ముందు బొటనవేలి గోరంత చిన్న కొవ్వు రెక్క. ఉంది. నిక్షేపంగా ఉంది.

హేచరీలో పెంచిన పిల్లలకి ఆ రెక్క కత్తిరించి వదులుతారు, 1990ల నుంచీ కోహోకి ఇలాగే చేస్తున్నారు. రెక్క లేకపోతే హేచరీది, మనం ఉంచుకోవచ్చు. ఉంటే నదిలో పుట్టింది, వదిలెయ్యాలి. అసలు నీళ్ళ పైకి ఎత్తను కూడా ఎత్తకూడదు, ఫొటో కోసం కూడా. నీళ్ళలోనే ఉంచి ప్లయర్‌తో గాలం తీశా. తోక మొదలు దగ్గర పట్టుకుంటే చేతిలో దాని ఊపిరి తెలుస్తోంది, మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ. అర నిమిషం తర్వాత చెయ్యి విదిలించుకుని నా మొహం మీద నీళ్ళు కొట్టి పోయింది.

ఫొటో లేదు. అన్నయ్య నమ్మాడో లేదో చెప్పలేను.

అక్టోబర్ 12, ఆదివారం

నాన్నకి వీడియో కాల్.

"పట్టి వదిలేసేవా?"

"రెక్క ఉంది నాన్నా, వదలాలి, రూలు."

"రెక్క లేని చేప ఉంటుందేంట్రా?"

ఇరవై నిమిషాలు చెప్పా. ఆయనకి అర్థమయ్యేలా పులసతో చెప్పా, అదీ సముద్రంలో పెరిగి ఎర్రనీరు రాగానే గోదాట్లోకి ఎదురీది వచ్చేదే కదా, ఇదీ అంతే, కాకపోతే పులస గుడ్లు పెట్టి తిరిగి సముద్రానికి పోగలదు, కోహో పోలేదు. గుడ్డు పగిలిన దగ్గర్నుంచీ ఏడాది పైన ఏట్లోనే ఉంటుంది, తర్వాత సముద్రంలో ఏడాదిన్నర, మూడో ఏట పుట్టిన చోటికే వచ్చి చస్తుంది. కొన్ని మగవాటికి తొందరెక్కువ, ఆర్నెల్లకే తిరిగొచ్చేస్తాయి, ఇరవై అంగుళాలు కూడా ఉండవు, వాటిని జాక్ అంటారు. నాన్న అక్కడ ఆగి "మీ చిన్నాన్న లాగ" అన్నాడు. చిన్నాన్న ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్ అవగానే ఇంటికొచ్చేశాడు.

తర్వాత డ్యాము సంగతి చెప్పా. బ్యారియర్ డ్యామ్ దగ్గర చేపలన్నీ నిచ్చెన లాంటి మెట్ల కాలవెక్కి హేచరీలోకి వస్తాయి, అక్కడ వేరు చేసి, రెక్క ఉన్నవాటిని ట్యాంకు లారీల్లో ఎక్కించి డ్యాములు దాటించి పై ఏట్లో వదులుతారు అని. నేను వదిలింది కూడా ఈ పాటికి లారీ ఎక్కి ఉండొచ్చు.

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. "చేపకి లారీ పెట్టేరా. 1852లో ఆనకట్ట అయ్యింది, మన పులసకి ఎవడూ ఎడ్లబండి కూడా పెట్టలేదు" అన్నాడు.

అక్టోబర్ 18, శనివారం

గడువులో ఆఖరి శనివారం. తక్కువ రాస్తా, రాయబుద్ధి కావట్లేదు. వాన, గాలి, ఏట్లో ఆకులన్నీ కొట్టుకొస్తున్నాయి, వేసిన ప్రతిసారీ జిగ్‌కి ఒక మేపుల్ ఆకు. పదింటికి పాచి రాయి మీద జారి నడుం లోతులో కూర్చున్నా, బెల్టు గట్టిగా పెట్టుకున్నా కాబట్టి వేడర్స్‌లోకి ఎక్కువ నీళ్ళు పోలేదు. ఆ బెల్టు లేకపోతే ఈ డైరీ ఇక్కడితో ఆగేది, కొత్తవాళ్ళు దయచేసి అలంకారం అనుకోకండి. జిగ్గుల డబ్బా మాత్రం తేలుకుంటూ పోయింది. డబ్బాలో పదకొండు. అన్నయ్య మూడు పట్టాడు, స్పిన్నర్‌తో, అంటే నీళ్ళలో గిరగిరా తిరిగే రేకు ఎరతో. కాఫీ ఇచ్చాడు. తాగాను.

అక్టోబర్ 26, ఆదివారం

దీపావళి అయింది, కార్తీకం వచ్చింది. నిన్న శనివారం నాగుల చవితి, ఇల్లు కదలొద్దన్నారు. పట్టి ఫ్రీజర్‌లో పెట్టుకుంటా, నెల పోయాక తింటాం కదా అని ఫోన్‌లో అమ్మని అడిగి చూశా. "కార్తీకంలో దీపం పెట్టాల్సిన ఏటికి గాలం పట్టుకుని పోతావా, బుద్ధుందా" అంది. వాదించలేదు. వాదించేంత గట్టిగా నాకే అనిపించలేదు, ఆ మాటలో ఏదో సబబుంది.

కానీ అన్నయ్య ఒక మాట చెప్పాడు, దాంతో ప్రాజెక్టుకి ప్రాణం వచ్చింది. కోహోలో రెండు రకాల రాక ఉంది, ముందొచ్చేవి, వెనకొచ్చేవి. సముద్రంలో దక్షిణం వైపు తిరిగేవి ముందొస్తాయి, ఉత్తరం వైపు పోయేవి ఆలస్యంగా వస్తాయి. కౌలిట్జ్ పేరు పడిందే ఆ లేటు వాటికి, నవంబరే కాదు, డిసెంబర్ దాకా వస్తూనే ఉంటాయి. నేను వేరే నదుల లెక్క చూసుకుని అనవసరంగా కంగారు పడ్డా. పోలి పాడ్యమి నవంబర్ 21, శుక్రవారం. మర్నాడు శనివారం. క్యాలెండర్‌లో గుండ్రంగా గీసి పెట్టా. గడువు మార్చకూడదని మొదట్లో నేనే రాసుకున్నా, మారుస్తున్నా.

నవంబర్ 9, ఆదివారం

మూడో రకం జిగ్గులు. మెడకి రెండు చుట్లే, తోక పొట్టిగా, గాలం వంపు దాటి అంగుళం మించకుండా. తోక పొడుగ్గా ఉంటే వెనక నుంచి కొసే కొరికి వదిలేస్తున్నాయి, పోయిన నెల రెండు జిగ్గుల తోకలు నోటితో కత్తిరించినట్టు వచ్చాయి, అదీ ఆధారం. గుండు అరౌన్సుకి పెంచా, నవంబర్‌లో నీళ్ళు పెరుగుతాయి కాబట్టి. ఒక్కోటి కట్టడానికి నాలుగు నిమిషాలు, మొదట్లో పావుగంట పట్టేది. ఈకలు ఎంత మిగిలిపోయాయంటే పిల్లలు స్కూల్లో టర్కీ బొమ్మకి తీసుకెళ్ళారు.

నవంబర్ 23, ఆదివారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నా, నిన్న రాసే ఓపిక లేదు.

మొన్న తెల్లారి మా ఆవిడ అరటిదొప్పలో ఒత్తులు వెలిగించి ప్లాస్టిక్ టబ్బులో వదిలింది, పోలి స్వర్గానికి వెళ్ళిపోయింది. నిన్న తెల్లారి నేను కౌలిట్జ్‌కి వెళ్ళిపోయా. జనం సగానికి సగం లేరు, చలి. ఏడున్నరకి మొదటి వేటు. తొమ్మిదింటికి ఒక మగ కోహో, రెక్క లేదు, ఉంచుకోవచ్చు, కానీ ఒళ్ళంతా ఎర్రబడిపోయి దవడ కొక్కెంలా వంగి ఉంది, అంత ముదిరిన దాని మాంసం పాలిపోయి మెత్తబడి ఉంటుంది, వదిలేశా. అన్నయ్య నా మొహం చూసి "నీకు పట్టడం రాక కాదురా, ఉంచుకోవడం రాదు" అన్నాడు.

పదకొండు కావస్తుండగా, డేగ కట్టి ఉంది, పడిపోయిన కాటన్‌వుడ్ చెట్టు పక్కన లైన్ ఆగింది. ఈసారి రాయి అనుకోలేదు. ఆడ చేప, వీపు కాస్త రాగి రంగు తిరిగింది గానీ పక్కలు ఇంకా వెండే, పొలుసు వేలికి అంటుకుంటోంది, అది మంచి గుర్తు. వీపు మీద రెక్క ఉండాల్సిన చోట నున్నటి మచ్చ. వేలితో రెండుసార్లు తడిమి చూసుకున్నా. చిన్న కర్రతో తల మీద ఒక్కటి గట్టిగా కొట్టి, మొప్పలు కోసి నెత్తురంతా ఏట్లో పోనిచ్చి, ముందు పట్టిన చేపలు రాసే క్యాచ్ కార్డు తీసి పెన్నుతో రాశా, అది ఇంటికెళ్ళి రాద్దాం అంటే కుదరదు. వేళ్ళు బిగుసుకుపోయి నా రాత నాకే అర్థం కాలేదు. ఎనిమిది పౌండ్లు తూగింది.

కోస్తే లోపల రెండు పొడుగాటి గుడ్ల తిత్తులు, నారింజ రంగు, ఒక్కో గుడ్డు బఠాణీ గింజంత. పక్కన నిలబడ్డతను గుడ్లు ఎరకి ఇస్తావా అని అడిగాడు, బోరాక్స్, పంచదార కలిపి ఆరబెట్టి బెండు కింద కడతారు ఇక్కడ. ఇస్తా అనేలోపు అన్నయ్య తెలుగులో "ఇచ్చావంటే ఇంట్లో నిన్ను ఎరకి కడతారు" అన్నాడు. ఇవ్వలేదు.

నిన్న శనివారం కాబట్టి తినలేదు. ఇవాళ పొద్దున్న గుడ్లు ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేపుడు, అవి పెనం మీద టపటపా పేలతాయి, మూత పెట్టి దూరంగా ఉండాలి. మధ్యాహ్నం పులుసు. చింతపండు పులుసు ముందు బాగా మరగనిచ్చి ముక్కలు ఆఖర్న వేశాం, మన చేపల్లాగా అరగంట మరిగిస్తే ఇది విడిపోయి ఉప్మా అవుద్ది, ఏడెనిమిది నిమిషాలు చాలు, గరిటె పెట్టకుండా గిన్నె పట్టి తిప్పడమే. ముందే ఉప్పు పట్టించి అరగంట ఉంచితే ముక్క కొంచెం గట్టిగా నిలబడింది. బెండకాయలు కూడా వేశాం, నాన్న అడుగుతాడని తెలుసు.

అడిగాడు. కెమెరా గిన్నెలోకి తిప్పమన్నాడు, చూశాడు.

"పులసలా ఉందా?"

"లేదు నాన్నా. ముళ్ళు తక్కువ."

"ముళ్ళు లేకపోతే అదేం చేపరా" అని, కాసేపాగి, "బెండకాయ వేసేరా?" అన్నాడు.

డబ్బాలో ఇంకా తొమ్మిది జిగ్గులున్నాయి, రెండు డేగలు, ఏడు కాకులు. నిన్న పట్టిన దానికి మెడ దగ్గర దారం సగం తెగి ఒకే ఒక్క ఈక వేలాడుతోంది. అన్నయ్య మెసేజ్ పెట్టాడు, వచ్చే శనివారం ఏడు వేల క్యూసెక్కులట. శనివారమే, తినం, కానీ ఆదివారం దాకా ఐస్‌లో ఉంటుంది కదా.